ఎర్ర మూత సూది

నాకు అనుమానం ఎక్కువ. ఇది నా భార్య ముప్పై ఏళ్ళుగా చేస్తున్న ఫిర్యాదు. పాలప్యాకెట్ మీద తేదీ చూడకుండా ఇంట్లోకి రానివ్వను. హోటల్లో మంచినీళ్ళ గ్లాసును వెలుతురుకు పట్టి చూస్తాను. కొత్త చెప్పులు కొంటే, రెండూ ఒకే సైజువా అని దుకాణంలో ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి చూస్తాను. నాతో బజారుకు రమ్మంటే పిల్లలు ఏదో ఒక పని కల్పించుకుని తప్పించుకునేవారు.

ఫార్మసిస్టుగా మందుల గది కిటికీ వెనక ముప్పై నాలుగేళ్ళు నిలబడ్డాను. కోరుట్లలో మొదలుపెట్టి, జగిత్యాల మీదుగా వెళ్ళి, సిరిసిల్ల దగ్గర రిటైరయ్యాను. పనిచేసిన దవాఖానల పేర్లు రాయను. ఇప్పుడు అక్కడ కూర్చున్నవాళ్ళకు నా తప్పులతో సంబంధం లేదు. మనుషుల పేర్లు కూడా మార్చాను.

మా చెల్లెలి కూతురు ఈ మధ్యే ఫార్మసీ చదువు పూర్తిచేసింది. ఉద్యోగంలో చేరబోతూ ఫోన్ చేసి, "మామా, కాలేజీల చెప్పనిది ఏమన్న ఉంటే చెప్పు" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టి, ఒక పేరు దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేశాను. అది పసిగట్టలేనంత అమాయకురాలు కాదు. "ఏదో దాస్తున్నవ్ మామా" అంది. ఆ దాచిన సంగతే ఇది. ఏ గ్రేడు ఎప్పుడు వచ్చిందో, ఏ ఆఫీసరు ఏ ఫైలు మీద ఏం రాశాడో నాకే సరిగ్గా గుర్తులేదు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను.

ఫ్రిజ్‌లో పెట్టిన మందు

సర్కారు ఉద్యోగం రాకముందు కోరుట్లలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో చేరాను. అది మూతబడి చాలాకాలమైంది. అక్కడ మందుల గదికి పెద్ద ఒకాయన ఉండేవాడు. అందరూ పెద్దసారు అనేవాళ్ళు. నోరు తెరిస్తే తిట్టు, లేకపోతే మౌనం. నాకు అనుమానం నేర్పింది ఆయనే.

ఒకసారి ఎనిమిదేళ్ళ పిల్లను షుగర్‌తో చేర్పించారు. పూటపూటకూ ఇన్సులిన్ ఇస్తున్నా రక్తంలో చక్కెర దిగడం లేదు. తల్లి దొంగచాటుగా ఏదో తినిపిస్తోందని డాక్టరు నమ్మాడు. ఆమె బీడీలు చుట్టుకుని బతికే మనిషి. మంచం కింద వెతికారు, ఆమె సంచి విప్పించారు. పాపం, దాంట్లో రెండు జొన్నరొట్టెలు, ఒక దువ్వెన దొరికాయి.

పెద్దసారు ఎవరితోనూ మాట్లాడకుండా వార్డు ఫ్రిజ్ తెరిచాడు. ఇన్సులిన్ పెట్టె పైన మంచు గడ్డకట్టే అరకు ఆనుకుని ఉంది. ఒక్కసారి గడ్డకట్టిందంటే ఇన్సులిన్ పని అయిపోయినట్టే. కరిగాక చూడడానికి బాగానే ఉన్నా దాన్ని నమ్మడానికి లేదు. ఆయన ఆ పెట్టె తీసి అవతల పారేసి, మా గదిలోనుంచి వేరే సీసా ఇప్పించాడు. మర్నాటికి చక్కెర దిగింది. తల్లికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

ఆ రోజు పెద్దసారు నాతో అన్న మాట ఇది: "అనుమానం ఉండాలెరా. గని దానికో వరుస ఉంటది. ముందుగాల సీసా మీద. తర్వాత సూది మీద. ఆ తర్వాత మన మీద. మనిషి మీద ఆఖరికి."

అనుమానం ఉండాలన్న మొదటి ముక్కను తాయెత్తులా కట్టుకున్నాను. వరుస మాత్రం మరిచిపోయాను.

ఒంటికి పుట్టే అనుమానం

కొత్తగా చేరేవాళ్ళు ముందు ఈ జబ్బు ఏమిటో తెలుసుకోవాలి. మా వైపు షుగర్ అంటే పొద్దున్నే నడకకు వెళ్ళే పెద్దమనుషుల సంగతి అనుకుంటారు. మాత్రలు, చక్కెర లేని చాయ్, అన్నం బదులు రొట్టె. పిల్లలకు ఎక్కువగా వచ్చే టైప్ వన్ వేరు. అది తీపి తిన్నందుకు వచ్చేది కాదు. తల్లి కడుపుతో ఉన్నప్పుడు చేసిన తప్పుకు వచ్చిందీ కాదు. ఎవరైనా తల్లితో అలా అంటే అక్కడికక్కడే నోరు మూయించండి.

మన కడుపులో క్లోమం అనే గ్రంథి ఉంది. తిన్న తిండి శక్తిగా మారాలంటే కావలసిన ఇన్సులిన్ అక్కడే తయారవుతుంది. రోగాలు రాకుండా కాపలా కాయవలసిన మన రక్షణ శక్తే, ఆ ఇన్సులిన్ చేసే కణాలను పరాయివని అనుమానించి చంపేస్తుంది. కంచే చేను మేసినట్టు. ఎందుకు అనుమానిస్తుందో పూర్తిగా ఎవరికీ తెలియదు. ఆ విషయం మొదటిసారి చదివినప్పుడు నా భార్యకు చెప్పాను. "మీ జబ్బే ఒంటికి సుత వస్తదన్నట్టు" అంది.

ఇన్సులిన్ లేకపోతే పిల్ల విపరీతంగా దాహమంటుంది, మాటిమాటికీ ఒంటికి పోతుంది, ఎంత తిన్నా చిక్కిపోతుంది. ఆ తర్వాత వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస. అక్కడిదాకా వచ్చిందంటే గంటలు లెక్క. బయటినుంచి రోజూ ఇన్సులిన్ ఇవ్వడం తప్ప దారి లేదు. మాత్రలు దాని బదులు పనిచేయవు, పసర్లు అసలే చేయవు. ఒక్క పూట కూడా మన ఇష్టానికి ఆపడానికి లేదు.

ఇచ్చిన ఇన్సులిన్ ఎక్కువైతే ఇంకో ప్రమాదం. చెమటలు, వణుకు, ఆకలి, తిక్క మాటలు, చివరికి స్పృహ తప్పి ఫిట్స్. తెలివిలో ఉంటే వెంటనే చక్కెర నీళ్ళు తాగించాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానకు పరుగెత్తాలి. ఆ పిల్లల బతుకు ఈ రెండు గట్ల మధ్య నడుస్తుంది. మనం కిటికీలోనుంచి ఇచ్చే సామాను వాళ్ళను ఏ గట్టుకైనా తోయగలదు.

జగిత్యాలలో ఒక ప్రశ్న

జగిత్యాలలో ఉన్నప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాడు నెలనెలా ఇన్సులిన్‌కు వచ్చేవాడు. ఒక మధ్యాహ్నం రద్దీ తగ్గేదాకా గోడ పక్కన నిలబడి, కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"సారు, ఊరికెనే అడుగుతున్న. సూది రెండు దినాలు ఆపితే ఏమైతది?"

గల్ఫ్‌కు పోవాలంటే మెడికల్ పరీక్ష పాసవ్వాలి. ఎవరో ఏజెంటు ఏదో ఉపాయం చెప్పి ఉంటాడని నాకు వెంటనే తట్టింది. తట్టింది సరైనదే. చేసింది తప్పు.

"చస్తవ్. పరీక్షల దొంగతనం చేద్దామనుకుంటున్నవా? మీ ఇంట్ల చెప్తా ఉండు" అని అరిచాను. వరండాలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు. మరుసటి నెల రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. వేరేచోట మందు తీసుకుంటున్నాడని నాకు నేనే చెప్పుకున్నాను. ఏమయ్యాడో ఈరోజుకూ తెలియదు. లోపలికి పిలిచి, స్టూలు మీద కూర్చోబెట్టి, ఎవరు చెప్పారు బాబూ అని అడిగి ఉంటే తెలిసేది. అప్పుడు మాత్రం దొంగను పట్టుకున్న పోలీసులా గర్వపడ్డాను.

సూదులు ఇస్తే చాలు

సిరిసిల్ల పక్కన పనిచేస్తున్న రోజుల్లో రాజవ్వ నా కిటికీకి వచ్చేది. అరవై దాటిన మనిషి. భర్త ఉన్నంతకాలం సాంచాల మీద పనిచేశాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. కొడుకు రమేశ్ కూడా కొన్నాళ్ళు సాంచా నడిపి, కూలీ గిట్టక దుబాయి పోయాడు. కోడలు పద్మ బీడీలు చుట్టేది. రమేశ్, పద్మల కూతురు అక్షితకు పదకొండో ఏట టైప్ వన్ బయటపడింది. పొద్దున పది యూనిట్లు, సాయంత్రం ఆరు. ఇంట్లో సూది పద్మ ఇస్తుంది, దవాఖానకు వచ్చి మందు తీసుకుపోయేది రాజవ్వ.

రాజవ్వకూ నాకూ మొదటినుంచీ పడలేదు. నేను ఇచ్చిన సీసాను ఆమె వెలుతురుకు పట్టి చూసేది. అచ్చం నాలాగే. నాకు ఒళ్ళు మండేది.

"ఏం చూస్తున్నవ్ అవ్వా? నీళ్ళు పోసి ఇస్తున్ననా?"

"సర్కారు మందు గద సారు. నలుగురు నాలుగు తీర్ల అంటరు."

ఒకరోజు ఆమె వచ్చి, "ఈపారి మందొద్దు. సూదులు ఇయ్యిన్రి, సాలు" అంది.

నాలో ఉన్న పోలీసు నిద్రలేచాడు. నెలకు సరిపడా లెక్కగట్టి ఇస్తున్న మందు ఎలా మిగులుతుంది? పిల్లకు సరిగ్గా ఇవ్వకపోతేనే మిగలాలి.

"మందు ఎందుకొద్దు?"

"ఇంట్ల ఉన్నది సారు."

"ఎట్లుంటది? పోయిన నెల ఇచ్చింది ఒడువాలె గద. పొల్లకు సక్కగ ఇస్తలేరా?"

"రెండు పూటలు ఇస్తున్నం. నా కండ్ల ముందట్నే ఇస్తది కోడలు."

"మరి సూదులు ఎవలికి? ఇంకెవలికన్న ఇస్తున్నవా? వాడిన సూదులు ఏం చేస్తున్నవ్? అన్నీ డబ్బల ఏసి పట్కరా, లెక్క చూస్త. లెక్క తప్పితే మీ పేరు తీసేపిస్త."

ఆమె ముఖం గట్టిపడింది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆగిపోవడం నేను చూశాను. అబద్ధం దొరికిపోయిందనుకున్నాను. ఎర్ర మూత సూదుల ప్యాకెట్టు కిటికీలోనుంచి నెట్టాను. ఆమె కొంగులో కట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. వారం తిరగకముందే వాడిన సూదులన్నీ డబ్బాలో తెచ్చి నా ముందు పోసింది. లెక్క ఒక్కటి కూడా తప్పలేదు. అయినా నా అనుమానం తీరలేదు.

ఇన్ని ప్రశ్నలు అడిగాను. ఇంట్లో ఉన్న ఆ మందు ఎక్కడిదని ఒక్కసారి అడగలేదు.

రాజన్న వారం

నెల గడిచింది. ఒక సోమవారం బడిలో ప్రార్థన జరుగుతుండగా అక్షిత పడిపోయింది. చెమటతో బట్టలు తడిసిపోయి ఉన్నాయి. పంతులమ్మ ఆటోలో వేసుకుని తెచ్చింది. చక్కెర బాగా పడిపోయింది. నరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తే కళ్ళు తెరిచింది, మధ్యాహ్నం చక్కెర మళ్ళీ పడిపోయింది, మళ్ళీ ఎక్కించారు. ఒక రోజు వార్డులో ఉంచి, మా దగ్గరి ఇన్సులిన్‌నే పది యూనిట్లు ఇచ్చి చూస్తే ఏ ఇబ్బందీ రాలేదు. డ్యూటీ డాక్టరమ్మ చిన్నవయసు అమ్మాయి, జాగ్రత్తపరురాలు. పొద్దున మోతాదు ఎనిమిదికి తగ్గించి, వేళకు తినిపించమని చెప్పి పంపింది.

ఇంటికి వెళ్ళాక గురువారం పొద్దున మళ్ళీ పడిపోయింది. ఈసారి ఫిట్స్ వచ్చాయి. అంబులెన్స్‌లోనుంచి దింపుతుంటే ఆ పిల్ల చెయ్యి పక్కకు వేలాడుతూ ఉండడం నేను కిటికీలోనుంచి చూశాను. పద్మ చెప్పుల్లేకుండా వెనక పరుగెత్తుతోంది.

నా బుర్ర వెంటనే నేరస్థురాలిని వెతికింది. దవాఖానలో ఉంటే బాగుంటుంది, ఇంటికి పోతే పడిపోతుంది. అంటే తప్పు ఇంట్లోనే ఉంది. అక్కడిదాకా నా లెక్క సరైనదే. మొదటిసారి పడింది సోమవారం. సోమవారం వేములవాడ రాజన్న వారం, రాజవ్వ ఒక్కపొద్దు ఉంటుందని నాకు తెలుసు. పిల్లతో కూడా ఉపవాసం చేయిస్తోందని తేల్చేశాను.

వార్డు బయట అందరూ చూస్తుండగా ఆమెను నిలదీశాను.

"అవ్వా, నిజం చెప్పు. పొల్లతోని ఒక్కపొద్దు పట్టిస్తున్నవా? సూది ఇచ్చి తిండి పెడ్తలేవా? నీ మొక్కులకు పిల్లను చంపుతవా?"

రాజవ్వ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉన్నట్టుంటుంది. ఏడవలేదు, అరవలేదు. "ఉండు సారు" అంది. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. ముప్పావుగంటలో తిరిగొచ్చింది. నా కిటికీ అరుగు మీద తడిగుడ్డ మూట విప్పింది.

"ఇగో. మేం ఇచ్చే మందు గిదే. కుండల తడి బట్ట సుట్టి పెడ్తున్నం. సూదులు గివే. పొద్దుగాల రెండు రొట్టెలు, ఒక గుడ్డు తిన్నది పొల్ల. తిన్న పల్లెం సుత తేవాల్నా? నేను ఒక్కపొద్దు ఉంటె ఉంట. నా మనుమరాలిని ఉపాసం ఉంచుతనా? సూడు. ఏం సూస్తవో సూడు."

చూశాను. సీసా మీద మందు పేరు మేమిచ్చేదే. కింద అరబ్బీ అక్షరాలు. పక్కన ఒక అంకె, వంద.

మా సీసా మీద ఉండేది నలభై.

ఇక్కడ ఆగి చదవండి. మన సర్కారు దవాఖానల్లో ఎక్కువగా ఇచ్చే ఇన్సులిన్ నలభై బలం కలది. ఒక మిల్లీలీటరులో నలభై యూనిట్లు. దానికి ఎర్ర మూత సూది, దాని మీది గీతలు ఆ బలానికి తగ్గట్టు ఉంటాయి. వంద బలం సీసాకు నారింజ రంగు మూత సూది వేరే ఉంది. వంద సీసాలోకి ఎర్ర మూత సూది గుచ్చి పది గీత దాకా లాగితే, లోపలికి పోయేది పది కాదు, ఇరవై అయిదు.

ఆ ఎర్ర మూత సూదులు నేనిచ్చినవే.

తేలు కుట్టిన దొంగ

సీసా పట్టుకుని వార్డులోకి పరుగెత్తి డాక్టరమ్మకు చూపించాను. ఆమె తల పట్టుకుంది. ఆ పూట ఇచ్చిన మందు బలం ఒంట్లో తగ్గేదాకా గ్లూకోజ్ ఆపకుండా ఎక్కించాలని చెప్పి, గంటగంటకూ చక్కెర చూస్తూ కూర్చుంది. సాయంత్రానికి అక్షిత తల్లిని గుర్తుపట్టి నీళ్ళడిగింది. ఆ మాట విన్నాక మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చాను.

అంతకుముందే ఇంకొకటి జరిగింది. అది రాయడానికే ఇదంతా రాస్తున్నాను.

సీసా చూడగానే డాక్టరమ్మ నన్ను అడిగింది, "ఈ సిరంజిలు వీళ్ళకు ఎక్కడివి?" అని.

"పాతవి ఇంట్లో ఉండి ఉంటాయి మేడం" అన్నాను.

రాజవ్వ రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. విన్నది. నా వైపు చూసి, మళ్ళీ మంచం మీది పిల్ల వైపు తిరిగింది. కేసు షీటులో ఇంటివాళ్ళు విదేశీ ఇన్సులిన్‌ను తప్పు సిరంజితో వాడారని రాశారు. నర్సులు, వార్డుబాయిలు, పక్క మంచం వాళ్ళు, అందరూ అదే మాట. చదువులేనోళ్ళు, దుబాయి మోజు. నేను దొంగకు తేలు కుట్టినట్టు కిటికీ వెనక మందులు ఇచ్చుకుంటూ కూర్చున్నాను.

ఎనిమిది రోజులు అలా కూర్చున్నాను. తొమ్మిదో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. పద్మ గడపలో కూర్చుని చాటలో బీడీ ఆకు కత్తిరిస్తోంది. అక్షిత బడికి పోయింది. రాజవ్వ పీట వేసింది, కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"అవ్వా, ఆ సూదులు ఇచ్చింది నేనే. ఏ మందుకని అడగాల్సింది కూడా నేనే. డాక్టరమ్మకు అబద్ధం చెప్పిన."

"నాకెర్కలేదా సారు? నువ్వే ఇస్తివి గద."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"పిల్ల మంచం మీద ఉండె. మీతోని పని ఉండె. మీ మీద చెప్పి ఏడికి పోవాలె?"

"కోపం లేదా?"

"ఉన్నది. నీళ్ళు తాగు."

చెంబు నా ముందు పెట్టి మిగతాది చెప్పింది. సర్కారు మందు మంచిది కాదని దుబాయిలో రమేశ్‌కు తోటివాళ్ళు నూరిపోశారు. వాడు బిడ్డ మందు చీటీ ఫోటో చూపించి అక్కడ సీసా కొన్నాడు. ఊరివాళ్ళు ఎవరు సెలవుకు వస్తుంటే వాళ్ళతో సబ్బులు, బామ్ సీసాలు, ఖర్జూరాలు పంపడం మా వైపు ఉన్నదే. ఇన్సులిన్ కూడా అలాగే వచ్చింది. సూదులు సర్కారు దవాఖానలో ఇస్తారు కదా అని వాడు పంపలేదు. మొదటి సీసా, వచ్చే మనిషి దొరికేదాకా రెండు నెలలు రేకుల గదిలో పడి ఉండి, తర్వాత సూట్‌కేసులో వచ్చింది. రెండోదానికి వాడు జాగ్రత్త నేర్చుకున్నాడు. ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి పంపాడు. ఆ సీసా తెరిచింది ఆ సోమవారమే.

నా ఊహ ఇది, రుజువు లేదు. మొదటి సీసా వేడికి సగానికి పైగా చచ్చిపోయి ఉంటుంది. అందుకే రెండున్నర రెట్లు ఎక్కించినా నెలంతా ఏమీ బయటపడలేదు. పదిలంగా తెచ్చిన సీసా పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

"దుబాయి నుంచి వచ్చిందని ఆ దినం నాతోని ఎందుకనలే అవ్వా?"

"అందామనే నోరు తెరిచిన. పేరు తీసేపిస్తనంటివి. దుబాయి మందు తెచ్చుకునేటోళ్ళకు సర్కారు మందెందుకు అంటరని భయపడ్డ. రేపు కొడుకు పంపకపోతె పొల్ల గతేంది?"

"మరి మా మందు వద్దనుడెందుకు? తీసుకొని ఊకుంటే నాకు తెల్వకపోవు."

"ఇంట్ల ఉండంగ ఇంకోటెందుకు సారు? గసువంటి పిల్లలు ఇంకా ఉన్నరు గద. వాళ్ళకు అందుతదని."

అబద్ధాలకోరు అనుకున్న మనిషి ఇంకో పిల్ల కోసం మందు వదిలిపెట్టింది. ఆమె తెరిచిన నోరు నా అరుపుకు మూతపడింది. జగిత్యాల కుర్రాడు గుర్తొచ్చాడు.

చాటలో కట్టిన బీడీ కట్టలున్నాయి. కట్టకు ఇరవై అయిదు. ఒకటి చేతిలోకి తీసుకుని, "పది అనుకొని ఇచ్చినప్పుడు లోపలికి పోయింది ఇంత" అని చూపించాను. పద్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. రాజవ్వ కట్టను తీసుకుని పది బీడీలు ఒక పక్క, పదిహేను ఇంకో పక్క పెట్టింది.

"నాకు అచ్చరాలు రావు. అంకెలు వస్తయి. బీడీలు లెక్కపెట్టి పెద్దగైన" అంది. "ఇగనుంచి సీసా మీద అంకె, సూది మూత, రెండు నాకు సూపిచ్చి ఇయ్యాలె. నాకు నీ మీద అనుమానమే."

ఆ తర్వాత నేను ఉన్నంతకాలం నెలనెలా అదే తంతు. ఒక ఎర్ర మూతను ఆమె తాళంచెవుల తాడుకు గుచ్చుకుంది. నేను సీసా పెడితే నలభై ఉందా అని వేలితో చూపించి అడిగేది. ప్యాకెట్టు తెరిస్తే తన మూత పక్కన పెట్టి రంగు సరిచూసేది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. నేను విసుక్కోలేదు. మెల్లగా తక్కిన పిల్లల ఇళ్ళవాళ్ళకు కూడా అలాగే చూపించడం మొదలుపెట్టాను. మందు మీ ఇంట్లోకి ఎక్కడెక్కడినుంచి వస్తుంది, ఎవరు పంపుతారు, చెప్పండి, ఎవరి పేరూ తీసేయను, అని మొదటే చెప్పేవాడిని. ఆ ఒక్క మాటకు ఎన్ని ఇళ్ళ అల్మారాలు తెరుచుకున్నాయో చెబితే నమ్మరు.

డాక్టరమ్మకు మాత్రం నిజం చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంటుండగానే ఆమె బదిలీ అయి వెళ్ళిపోయింది. ఉన్న చెడ్డపేరు రాజవ్వ ఇంటి మీదే ఉండిపోయింది.

వీడ్కోలు

రిటైరయిన రోజు దవాఖాన హాల్లో కుర్చీలు వేశారు. నాకు శాలువా కప్పారు. సూపరింటెండెంటు గారు మాట్లాడుతూ, ముప్పై నాలుగేళ్ళలో ఒక్క మచ్చ లేని మనిషి అన్నారు. చప్పట్లు కొట్టారు. నా జాగ్రత్త గురించి, అనుమానం గురించి సరదా మాటలు చెప్పుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను.

మందుల కిటికీ మూసి ఉండడంతో రాజవ్వ నేరుగా హాల్లోకి వచ్చేసింది. పక్కన అక్షిత ఉంది. ఇంటర్ చదువుతోంది, నాకంటే పొడుగైంది, సూది తనే వేసుకుంటుంది. నా చోటికి వచ్చిన కొత్త ఫార్మసిస్టు అమ్మాయి మొదటి వరుసలో కూర్చుని ఉంది. రాజవ్వ తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళి, తాళంచెవుల తాడు విప్పి ఎర్ర మూత చూపించింది.

"బిడ్డా, రేపటిసంది నువ్వేనట గద. సీసా మీద అంకె, సూది మూత, రెండు నాకు సూపిచ్చి ఇయ్యాలె. ముందటాయన సుత గట్లనే ఇస్తుండె."

"అలాగే అమ్మా" అంది ఆ అమ్మాయి నవ్వుతూ. "సారు చాలా జాగ్రత్త మనిషంట కదా."

"మంచోడే" అంది రాజవ్వ. "గని ఒకపారి అడగక తప్పు సూదులు ఇచ్చిండు. నా మనుమరాలు సచ్చి బతికింది. నువ్వు అడుగు బిడ్డా."

సూపరింటెండెంటు గారు నా వైపు చూశారు. ఇన్నేళ్ళూ నా నోటికి రాని మాట ఆమె అరనిమిషంలో చెప్పేసింది. అందులో కక్ష లేదు, కొత్త పిల్లకు పని అప్పజెబుతోంది, అంతే.

లేచి నిలబడ్డాను. శాలువా జారి కుర్చీలో పడింది.

"ఆమె చెప్పింది నిజం" అన్నాను.